మేకల వంపు దగ్గర తీసేసిన బిళ్ళ

1. ఆదివారం

ఇవాళ కాలువంతా ఒక్క ఊపులో ఆడేశాను. సొరంగం నోటి దగ్గర మొదలుపెట్టి లాకుల ఊరు దాకా ఎక్కడా పడలేదు, ఎక్కడా గొలుసు తెగలేదు. ఈ స్కేట్‌బోర్డు గేములో ఒక విన్యాసం మీద ఇంకోటి ఆపకుండా చేసుకుంటూ పోతే దాన్ని మేం గొలుసు అంటాం. మధ్యలో ఒక్కసారి తడబడినా అప్పటిదాకా పోగుచేసిన పాయింట్లన్నీ పోతాయి. చివరిదాకా తెగకుండా పోయినవాళ్ళు మేం తలదాచుకున్న ఈ సొరంగంలో ఇంతవరకు ఎవరూ లేరు. ఇప్పుడు నేనున్నాను. చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్ తెర మీద సుంకులమ్మ అని నా పేరు మెరుస్తోంది.

నెరిసిన జుట్టుతో ఈ సంబరం చూస్తే ఎవరైనా నవ్వుతారు. పైగా నేను నిజం స్కేట్‌బోర్డు ఎక్కిన పాపాన పోలేదు. ఒక్కసారి ఎక్కబోయి, నన్ను పట్టుకున్న ఇద్దరినీ నాతోపాటు కింద పడేశాను. అలాంటి దాని చేతికి కాలువ పటం అప్పగించారు. పటం అంటే కాగితం కాదు, ఈ గేమే. తెల్లారాక ఈ ఎండకు మనిషి బయట నిలవగలిగేది కాసేపే. ఆ కాసేపట్లో లాకుల ఊరికి నడిచి చేరడం కాని పని. ఎండిపోయిన కాలువ సిమెంటు మీద బోర్డు వేసుకుని వాలులో జారిపోతే చేరొచ్చు. సూదిమందులు పెట్టే చల్లపెట్టె అక్కడే ఉంది మరి.

పోయేవాళ్ళకు దారి ముందే ఒంటికి అలవాటు కావాలి. అందుకే ఈ పాత గేములో ఆడేవాళ్ళు తమకు తామే స్కేటింగ్ పార్కులు కట్టుకునే చోట మా కాలువనంతా ముక్క ముక్కగా కట్టాను. ఎక్కడ సిమెంటు బిళ్ళ లేచింది, ఎక్కడ ఇసుక మేట వేసింది, వచ్చినవాళ్ళు చెప్తారు. నేను పెడతాను. పోబోయేవాళ్ళు పగలంతా సొరంగంలో పడుకుని ఆడి నేర్చుకుంటారు.

ఇక అసలు సంగతి. మేకల వంపు దగ్గర లేచిన బిళ్ళ ఒకటుంది. నా గొలుసు ఎప్పుడూ అక్కడే తెగుతుంది. ఇవాళ విసుగొచ్చి దాన్ని తీసేశాను. ఆడేసి మళ్ళీ పెట్టేద్దామనే అనుకున్నాను. కానీ పటంలో ఏ మార్పు చేసినా గేము స్కోర్లన్నీ తుడిచేస్తుంది. గురువారం కూటానికి జనమంతా వస్తారు. నాలుగు రోజులు నా పేరు ఉండనీ. మందులకు ఎప్పుడూ పోయే మద్దిలేటికి ఆ బిళ్ళ నిద్రలో కూడా తెలుసు, వాడికేం కాదు.

2. గురువారం

కూటంలో నా స్కోరు చూసి అందరూ నోరెళ్ళబెట్టారు. నేను కూడా ఏమీ ఎరగనట్టు, అదేం పెద్ద విషయం కాదన్నట్టు ముఖం పెట్టాను. లోపల మాత్రం పొంగిపోయాను. రాసుకునేటప్పుడైనా నిజం రాయాలి కదా.

ఆ సంబరం మీద ఓబులప్ప మామ నీళ్ళు చల్లాడు. ఆయన సొరంగానికి పెద్ద. మద్దిలేటి కళ్ళు ఎండకు వాచిపోయాయని, ఈసారి మందులకు ఇమాంబీ పోతుందని చెప్పాడు. ఇమాంబీ గంజి వంటింట్లో పనిచేస్తుంది. రెండు చేతులా రెండు బిందెలు పట్టుకుని సొరంగంలోని తడి రైలు పట్టాల మీద పరుగులాంటి నడక నడుస్తుంది, చుక్క ఒలకదు. ఆ నడక చూసే మామ ఆమెను ఎంచుకున్నాడట. వాళ్ళమ్మకు చక్కెర జబ్బు. రావలసిన సూదిమందులో సగం ఆమెకే కావాలి. ఇమాంబీ ఎవరూ అడక్కముందే సరేనంది.

కూటం అయ్యాక వచ్చి నా పక్కన కూర్చుంది. కన్సోల్ తీసుకుని స్కోరు వంక చూసింది.

"ఇంత ఎట్ల వచ్చిందక్కా నీకు? నేను మొదటి వంపు కాడ్నే పడిపోతాండా."

"ఆడగా ఆడగా వస్తుందిలే," అన్నాను.

అప్పుడే చెప్పాల్సింది. ఇమాంబీ మేకల వంపు ఒక్కసారి కూడా కంటితో చూడలేదు. ఆమెకు ఈ గేములో ఉన్నదే కాలువ. మద్దిలేటి నోటితో చెప్పే వీలు కూడా లేదు, మా దగ్గర అది నిషేధం. పోయేటప్పుడు ఎడమ వచ్చేటప్పుడు కుడి అవుతుంది. ఆ తికమకలోనే ఒకప్పుడు ఒకతను వాగు మీది కాలువ వంతెన అంచు దాటి పడి చచ్చిపోయాడు. అప్పట్నుంచి దారి గురించి నోటి మాట వద్దని మామ రూలు పెట్టాడు. చూసింది నాకు మాత్రమే చెప్పాలి, నేను గేములో పెట్టాలి, మిగతావాళ్ళు గేమునే నమ్మాలి. పోయిన దుమారం తర్వాత ఆ వంతెన నేలలో బొక్క పడిందని మద్దిలేటి చెప్పిందీ నాకే, నేను పెట్టిందీ గేములోనే.

ఆమె కళ్ళముందు బిళ్ళ తిరిగి పెడితే, ఇన్నాళ్ళు ఎందుకు లేదని అడుగుతుంది. ప్రయాణం శనివారం. రేపు ఆమె వంటింట్లో ఉన్నప్పుడు చడీచప్పుడు లేకుండా పెట్టేస్తే సరిపోతుంది.

3. శుక్రవారం

సరిపోలేదు. దుమ్ము గాలి తగ్గిందని ఇమాంబీని ఒక రోజు ముందే పంపేశారు. నేను లేచేసరికి ఆమె వెళ్ళిపోయింది. రాత్రంతా కాలువ చివరిదాకా ఆడినట్టుంది, కన్సోల్ నా దుప్పటి పక్కన పెట్టి పోయింది. ఎండకు పాడవుతుందని దాన్ని ఎవరూ బయటికి తీసుకుపోరు.

పరుగెత్తి సొరంగం నోటి దాకా పోయాను. కాలువ ఖాళీగా ఉంది. అరిచినా వినపడని దూరం దాటేసి ఉంటుంది. అప్పుడు నేనేం చేశానో రాయాలి. ఎవర్నీ పిలవలేదు. వెనక్కి వచ్చి కన్సోల్ తెరిచాను. మునుపెప్పుడో దాచిన కాలువ పటం, గేములో పటాలు దాచుకునే అరల్లో రెండో దాంట్లో ఉంది. బిళ్ళ ఎక్కడ, ఏ వంపులో ఎంత ఎత్తులో పెట్టానో వెతుక్కునే ఓపిక లేదు. రెండో అరలో ఉన్న దాన్ని తెచ్చి మొదటి అర మీద పరిచేశాను. మేకల వంపు దగ్గరికి పోయి చూశాను, బిళ్ళ ఉంది. నా స్కోరు పోయింది, అది ఎందుకు పోతుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇమాంబీ ఇంకా దారిలోనే ఉంటుంది, నేను మాత్రం అప్పటికే చేతులు కడుక్కున్నాను.

లాకుల ఊరి గుట్ట మీద నుంచి అద్దం మెరుపు రాలేదు. చేరినవాళ్ళు అద్దం తిప్పి చెప్పడం ఆనవాయితీ. మెరుపు బదులు ఇమాంబీయే వచ్చింది. కాలువ గోడ నీడ పట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ, బోర్డు చంకలో పెట్టుకుని వచ్చింది. మోకాలి కింద చర్మం చీరుకుపోయి తెల్లగా లోపలిది కనిపిస్తోంది. ముఖమంతా ఎండకు పొక్కులు లేచాయి.

నీళ్ళు తాగాక ఆమె అన్న మొదటి మాట ఇదే. "మేకల వంపు కాడ బిళ్ళ లేచి ఉండాది మామా. గేములో అది లేకుండ్య."

మామ కన్సోల్ తెప్పించి, ఆమె ముందే బోర్డును వంపు దాకా నడిపించి చూపించాడు. బిళ్ళ తెర మీద స్పష్టంగా ఉంది.

"ఇదేందమ్మా మరి?"

"నిన్న లేకుండ్య," అంది ఇమాంబీ. గొంతు తగ్గిపోయింది.

కళ్ళ మీద తడిగుడ్డతో పడుకున్న మద్దిలేటి అక్కడ్నుంచే అన్నాడు. "అది నా కాలం నుంచి ఉండాది. నేను ఎన్నిసార్లు దాటినానో."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సరిగ్గా ఆడి నేర్చుకోకుండా పోయిందని ఎవరో గొణిగారు. ఇమాంబీ నా వైపు చూసింది. అది అనుమానం కాదు. పటం పెట్టేదాన్ని నేను కాబట్టి, నేనేమంటే అదే అని చూసింది. నేను ఆమె కాలికి కట్టు కట్టడానికి గుడ్డ వెతుకుతున్నట్టు పక్కకు తిరిగాను.

4. శనివారం

మనసొప్పక పొద్దున్నే మామ దగ్గరికి పోయి చెప్పేశాను. స్కోరు కోసం బిళ్ళ తీశానని, ఆమె పోయాక తిరిగి పెట్టానని చెప్పాను. ఆయన గడ్డం గోక్కుంటూ విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇంకెవరికన్నా చెప్పినావా?"

"లేదు మామా."

"చెప్పాకు. మద్దిలేటి కండ్లు ఇప్పట్లో బాగయ్యేటివి కావు. కాలికి రాత్రి వేసిన కుట్లు ఊడినాక మల్లా ఆ పిల్లే పోవల్ల. పటమే తప్పని తెలిస్తే ఎవరన్నా బోర్డు ఎక్కుతారా? ఆ పిల్ల తన తప్పనుకుంటే ఇంగా వొళ్ళు దగ్గర పెట్టుకోని పోతాది."

"ఆమె అబద్ధాలకోరని అనుకుంటున్నారు మామా."

"అనుకోనీ. నాలుగు దినాలు అనుకోని మరిచిపోతారు. మందు రాక సచ్చినోళ్ళు మాత్రం తిరిగి రారు."

ఆయన మాటలో న్యాయం ఉంది. దాన్ని పట్టుకునే నేను తప్పించుకున్నాను. ఆ మాట విన్న క్షణం నాకు హాయిగా అనిపించింది, ఛాతీ మీద బండ దించినట్టు. అది రాయకపోతే మిగతాదంతా రాసి ఏం లాభం. చెప్పాల్సిన చోట చెప్పేశాను, ఆయనే వద్దన్నాడు, ఇక నాదేముంది అనుకుంటూ తిరిగొచ్చాను. వచ్చేదారిలో ఇమాంబీ వాళ్ళమ్మ నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి పలకరించి, తన వంతు బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది. తనెలాగూ తినకూడదట. బిడ్డకు కట్టు కట్టినందుకట. తీసుకున్నాను. తిన్నాను కూడా.

5. తర్వాతి గురువారం

కూటంలో ఇమాంబీ లేచి నిలబడి అందరికీ క్షమాపణ చెప్పింది. ఎవరూ అడగలేదు. తన అజాగ్రత్త వల్ల మందు రాలేదని, ఇంకోసారి అలా జరగదని అంది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ నేను నా కాలివేళ్ళు చూసుకున్నాను. మామ నన్ను చూస్తున్నాడని తెలుసు, తలెత్తలేదు.

వాళ్ళమ్మకు సూది సగానికి తగ్గించారు. అదే సూది కావాల్సిన మిగతా ముగ్గురికి కూడా అంతే. ఆవిడ పగలంతా దాహం దాహమంటుంది. నీళ్ళు కొలిచి పోసే చోట ఆ మాట వినడం నరకం.

6. ఆ పై మంగళవారం

ఇమాంబీ ఇప్పుడు నా దగ్గరే కూర్చుని ఆడుతోంది. పక్కన ఉండమని అడుగుతుంది. మేకల వంపు వచ్చినప్పుడల్లా ఆపి, తెరను కంటికి దగ్గరగా పెట్టుకుని బిళ్ళను చూస్తుంది.

"ఇంత పెద్దది ఎట్ల కనపడలేదక్కా నాకు? ఆ పొద్దు నేను ఆడిందేంది, చూసిందేంది?"

"అలిసిపోయి ఉంటావు," అన్నాను. చెంప మీద కొట్టుకోవాలనిపించింది.

"మా అమ్మకు ముందు కండ్లే పోయినాయి, ఆ జబ్బుతో. నాకూ వస్తాందేమో. అందుకే గట్టిగా చూస్తాండా."

నా వల్ల ఒక కాలు పోబోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఆమె తన కళ్ళనే నమ్మడం మానేసింది. అది కుట్లు వేస్తే మానే గాయం కాదు.

7. శుక్రవారం

కుట్లు ఊడాయి. రేపు తెల్లవారగానే ఇమాంబీ పోతుంది.

సాయంత్రం చివరిసారి కాలువంతా ఆడింది. బాగా ఆడింది, ఎక్కడా పడలేదు. వాగు మీది వంతెన దాటాక ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆ వంతెన చూసింది.

"అక్కా, ఈ వంతెన మీద బొక్క ఉండ్య కదా? ఎడమ పక్క."

అప్పుడు గుర్తొచ్చింది. నేను రెండో అర నుంచి తెచ్చి పరిచింది దుమారం ముందటి కాలువ. మద్దిలేటి చెప్పగా పెట్టిన బొక్క అందులో లేదు. ఒక్క బిళ్ళ తీసిన సంగతి దాచుకోవడానికి, దుమారం తర్వాత పెట్టినవన్నీ చెరిపేశాను. ఇన్ని రోజులూ ఆ కన్సోల్ నా ఒళ్ళోనే ఉంది. ఒక్కసారైనా చూడాలని తోచలేదు. నా దృష్టంతా మేకల వంపు మీదే, నేను పట్టుబడే చోటు మీదే ఉంది.

నేను నోరు తెరిచేలోపే ఆమె తనకు తానే సర్దిచెప్పుకుంది. "లేదులే. బిళ్ళ లేదనుకున్నట్టే ఇది ఉందనుకుంటాండా. నా గ్యానం ఇట్లయిపోయింది." నవ్వి, కన్సోల్ నా చేతికిచ్చి, పొద్దున్నే లేవాలని పడుకోవడానికి పోయింది.

ఉన్న బొక్కను ఉందనే గుర్తుపెట్టుకుంది. నేను ఆమెను ఎలా చేశానంటే, ఆ గుర్తును తనే కొట్టేసుకుంది. రేపు సూటిగా పోయి అందులో పడుతుంది.

ఇప్పుడు కన్సోల్ నా ముందుంది. బొక్క తిరిగి పెట్టడం ఎంతసేపు పని. పొద్దున ఆమెను లేపి, ఇంకోసారి ఆడి పొమ్మంటే చాలు, బొక్క కనిపిస్తుంది. కనిపిస్తే ఏమనుకుంటుంది? నిన్న లేనిది ఇవాళ ఉంది, నా కళ్ళు నిజంగానే పోయాయి అనుకుంటుంది. అలాంటి మనిషి గుడ్డిదానిలా బోర్డెక్కుతుంది. మొదటిసారి నేను చేసింది కూడా ఇదే, ఎవరూ చూడకుండా సరిచేయడం.

నేను ముట్టుకోలేదు. ఆమెకే చెప్పాలి. అందరి ముందూ చెప్పాలి.

8. శనివారం

పోయేవాళ్ళను సాగనంపేటప్పుడు సొరంగం నోటి దగ్గర అందరూ నిలబడి, ఒక్కొక్కరు తడి అరచేతిని బోర్డు మీద ఆనిస్తారు. నా వంతు వచ్చినప్పుడు నేను చెయ్యి ఆనించలేదు. బోర్డు ముందు నిలబడ్డాను.

"ఇమాంబీ, ఆ రోజు బిళ్ళ గేములో లేదు. నువ్వు చెప్పింది నిజం. స్కోరు కోసం నేనే తీశాను. నువ్వు పోయాక పెట్టాను."

మామ "సుంకులమ్మా" అని హెచ్చరించాడు. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

"వంతెన మీద బొక్క ఉంది. పోయేటప్పుడు ఎడమ పక్క. అది కూడా నా వల్లే చెరిగిపోయింది. నీ కళ్ళకు ఏం కాలేదు."

ఇమాంబీ నన్ను చూస్తూ ఉండిపోయింది. ఆమె ముఖంలో కోపం ఇంకా రాలేదు. ముందు వేరేదేదో వచ్చింది. చాలా రోజుల తర్వాత ఊపిరి పూర్తిగా తీసుకున్న మనిషి ముఖం అది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ ఊపిరి ఇన్నాళ్ళూ నేనే పట్టి ఉంచాను.

"ఇంగా ఏమేం చెరిపినావు?" అని అడిగింది.

గుర్తున్నవి చెప్పాను. రెండు ఇసుక మేటలు, ఒక కూలిన గోడ. "ఇంకా ఉండొచ్చు. అన్నీ గుర్తు లేవు."

"పోవద్దు తల్లీ," అన్నాడు మద్దిలేటి, గుడ్డ కట్టిన కళ్ళతో గోడ పట్టుకుని. "నేను చెప్పల్సింది. రూలని నోరు మూసుకున్నా."

మామ ఏదో అనబోయాడు. ఇమాంబీ చెయ్యెత్తి ఆపింది. వాళ్ళమ్మ లోపల పడుకుని ఉంది, లేచి సాగనంపే ఓపిక ఆవిడకు లేదు. ఇమాంబీ అటు ఒకసారి చూసింది.

"పోకపోతే ఎట్ల మామా. మెల్లగ పోతా. అనుమానం వచ్చిన కాడ దిగి నడుస్తా. నా కండ్లు బాగుండాయంట కదా."

మెల్లగా పోతే ఎండ ముదిరేలోపు చేరడం కష్టం. అది అందరికీ తెలుసు, ఆమెకు కూడా తెలుసు. నన్ను పక్కకు జరగమని కూడా అనలేదు. నా పక్కనుంచి బోర్డు తిప్పుకుని కాలువలోకి దిగిపోయింది.

మేం సొరంగం నోట్లోనే నిలబడ్డాం. ఎండ కాలువలో సగం దాకా వచ్చింది, తర్వాత మొత్తం కమ్ముకుంది. మామూలుగా మెరుపు వచ్చే వేళ దాటిపోయింది. నా చుట్టూ జాగా ఖాళీ అయింది, ఎవరూ నా పక్కన నిలబడలేదు. నిలబడమని అడిగే ముఖం నాకూ లేదు. ఈమె బతికుంటే నన్ను ఏం చేసినా సరే అని, పేరు తెలిసిన ప్రతి దేవుడికీ మొక్కాను. ఇమాంబీ వాళ్ళ దేవుడికి కూడా మొక్కాను.

గుట్ట మీద అద్దం మెరిసింది. ఒక్కసారే, చాలా ఆలస్యంగా. మద్దిలేటికి కనపడదని ఎవరో అరిచి చెప్పారు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

9. సోమవారం

ఇమాంబీ నిన్న మందులతో తిరిగొచ్చింది. వాళ్ళమ్మకు సూది పూర్తిగా ఇచ్చారు. పటం పని నా దగ్గర్నుంచి తీసేస్తారని అనుకున్నాను. మామ ఆ మాట ఎత్తాడు కూడా. కానీ ఈ గేములో కట్టడం ఇంకెవరికీ రాదు.

ఇవాళ మధ్యాహ్నం ఇమాంబీ తనే నా దగ్గరికి వచ్చింది. కాలు చాపుకుని కూర్చుంది. మోకాలి కింద మచ్చ ఇంకా ఎర్రగా ఉంది. ఆమె తిడుతుందని, ఆ తిట్లు అయ్యాక ఏదో కొంత తీరుతుందని ఆశపడ్డాను.

"ఎంత వచ్చిండ్య నీకు, ఆ పొద్దు?" అని అడిగింది.

"ఏంటి?"

"స్కోరు."

చెప్పాను. ఆలోచించుకోవాల్సిన పని కూడా పడలేదు, చివరి అంకె దాకా నోటికి వచ్చేసింది. వంతెన మీద ఒక మనిషి పడిపోయేంత బొక్క మరిచిపోయినదాన్ని, చూడు, ఇది మాత్రం మరిచిపోలేదు. ఇమాంబీకి కూడా అదే తోచి ఉంటుంది.

"బాగనే ఆడినావు," అంది. అందులో వెటకారం కూడా లేదు. "సరే, తెరువు. మొదట్నుంచి చెప్తా."

కాలువంతా మొదట్నుంచి కట్టడం మొదలుపెట్టాం. తను పోయేటప్పుడు, వచ్చేటప్పుడు చూసిందంతా చెప్తోంది. ఒక్కో ముక్క నేను పెడుతున్నాను. ఒక ముక్క పెట్టగానే ఆమె కన్సోల్ నా చేతుల్లోంచి తీసుకుంటుంది. బోర్డును దాని మీదుగా పోనిచ్చి, ఆ ముక్క నిజంగా ఉందో లేదో చూసుకుంటుంది. చూసుకున్నాక తిరిగి నా చేతికిస్తుంది. ఇవాళ మేకల వంపు దాకా వచ్చాం, ప్రతి ముక్కకూ అలాగే చేసింది.